డీలర్‌షిప్, సొంత గ్యారేజ్, పాత కార్లు: హైదరాబాద్‌లో బండ్ల వ్యాపారానికి దిగేవాళ్లు దేన్ని ఎంచుకోవాలి?

ప్లాటు అమ్మగా వచ్చిన డబ్బుతోనో, ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బుతోనో బండ్ల వ్యాపారంలోకి దిగుదామనుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్ల ముందు ముఖ్యంగా మూడు దారులు. ఒకటి కంపెనీ డీలర్‌షిప్, రెండోది అన్ని కంపెనీల కార్లూ చూసే సొంత గ్యారేజ్, మూడోది పాత కార్లు కొని అమ్మడం. డీలర్ల ఖాతాలు, గ్యారేజీల ఖాతాలు చూడటం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "దేంట్లో లాభమెక్కువ సార్?" అని. దానికి ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ధర ఎవరు నిర్ణయిస్తారు? సరుకు ఎంత దింపుకోవాలో ఎవరు చెబుతారు? కస్టమర్ ఎవరి మనిషి? ఈ మూడింటికీ "నేనే" అని చెప్పుకోగలిగిన వ్యాపారం నెమ్మదిగా పెరిగినా నిలబడుతుంది. మూడింటికీ "కంపెనీ" అన్నదే జవాబైతే, మీ డబ్బు పెట్టి ఇంకొకరి కోసం పనిచేస్తున్నట్టే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోటి నుంచి మూడు కోట్ల దాకా చేతిలో ఉండి, మెయిన్ రోడ్డు మీద సొంత జాగా లేనివాళ్లు గ్యారేజ్‌తో మొదలుపెట్టాలి. పాత కార్లు ఆ గ్యారేజ్ నిలదొక్కుకున్నాక దానికి జోడించాలి. డీలర్‌షిప్ కొద్దిమందికే పనికొస్తుంది. ఎందుకో వివరంగా చూద్దాం.

డీలర్‌షిప్: బోర్డు కంపెనీది, అప్పు మనది

కొత్త కారు మీద డీలర్‌కు దక్కే మార్జిన్ మన దేశంలో సాధారణంగా 3 నుంచి 5 శాతం. 10 లక్షల కారు మీద 4 శాతం లెక్కన 40,000 అనుకుందాం. కారు ఫ్యాక్టరీ గేటు దాటిందంటే బిల్లు డీలర్ పేరు మీద పడుతుంది, బ్యాంకు ఛానల్ ఫైనాన్స్ ఖాతా (స్టాకు కొనడానికి డీలర్‌కు ఇచ్చే అప్పు) నుంచి డబ్బు కంపెనీకి వెళ్లిపోతుంది. ఆ క్షణం నుంచీ వడ్డీ మనది. ఏడాదికి 10 శాతం వడ్డీ వేసుకున్నా ఆ ఒక్క కారు మీద రోజుకు దాదాపు 274 రూపాయలు. 21 రోజుల్లో అమ్ముడుపోతే వడ్డీ 5,750 దగ్గర ఆగుతుంది. 80 రోజులు యార్డులో నిలబడితే 22,000 దాకా వెళుతుంది, అంటే మార్జిన్‌లో సగానికి పైగా పోయినట్టే.

ఈ రెండు అంకెలూ ఊరికే తీసుకోలేదు. స్టాకు 21 రోజులకు మించకుండా చూడమని డీలర్ల సమాఖ్య ఫాడా ఏళ్లుగా కంపెనీలను అడుగుతోంది. 2024 సెప్టెంబర్‌లో దేశమంతటా కార్ల డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల స్టాకు పేరుకుపోయిందనీ, దాని విలువ దాదాపు 79,000 కోట్లనీ ప్రకటించింది కూడా ఆ ఫాడానే. ఆ నెలల్లో డీలర్ల ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలు చూసినవాళ్లెవరికీ ఈ లెక్క మళ్లీ వివరించనక్కర్లేదు.

ఇంత స్టాకు ఎందుకు పేరుకుంటుంది? కంపెనీకి అమ్మకం అంటే డీలర్‌కు బిల్లు కొట్టడం. డీలర్‌కు అమ్మకం అంటే కస్టమర్ చేతిలో తాళం పెట్టడం. నెలాఖరుకు ఏరియా మేనేజర్ ఫోన్ చేసి "ఇంకో పది బండ్లు బిల్ చేసుకోండి, స్లాబ్ దాటేస్తారు, ఇన్సెంటివ్ మొత్తం వస్తుంది" అంటాడు. ఇన్సెంటివ్ పోతుందేమోనన్న భయంతో డీలర్ ఒప్పుకుంటాడు. ఆ పది బండ్లలో నాలుగు ఎవరూ అడగని రంగువో, నడవని వేరియంట్‌వో అయి ఉంటాయి. వచ్చే నెల వాటిని వదిలించుకోవడానికి డిస్కౌంట్ ఇవ్వాలి. అదే బ్రాండ్ బోర్డుతో కూకట్‌పల్లిలో ఒకరు, ఎల్బీనగర్‌లో ఒకరు, కొండాపూర్‌లో ఇంకొకరు ఉంటారు. కస్టమర్ ముగ్గురికీ వాట్సాప్‌లో కొటేషన్ అడిగి, తక్కువ చెప్పినవాడి కాగితం మిగతా ఇద్దరికీ పంపుతాడు. ఒకే కారు, ఒకే ధర, ఒకే వారంటీ. తేడా చూపించడానికి డీలర్ దగ్గర తన జేబు తప్ప ఇంకేమీ లేదు.

దీనికి తోడు మన పంచాంగం. ఆషాఢంలో కొత్త బండి తీసుకునేవాళ్లు తక్కువ. మూఢాలొస్తే బుక్ చేసినవాళ్లు కూడా డెలివరీ వాయిదా వేయమంటారు. దసరా, ధనత్రయోదశి వచ్చాయంటే ఒక్కరోజులో వారం డెలివరీలు. హెడ్డాఫీసు నుంచి వచ్చే నెలవారీ టార్గెట్‌లో మాత్రం ఈ ఎత్తుపల్లాలు అంతగా కనిపించవు. ఆషాఢం నెల టార్గెట్ ఎంత తగ్గిస్తారన్నది డీలర్‌షిప్ మాట్లాడుకునే రోజునే అడగండి. అప్పుడే తేల్చుకోకపోతే తర్వాత ఎవరూ వినరు.

పాలసీ మారినప్పుడు దెబ్బ మొదట తగిలేదీ స్టాకు చేతిలో ఉన్నవాడికే. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు పాత కాలుష్య ప్రమాణాలతో (బీఎస్-3) తయారైన బండ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదంది. రెండు మూడు రోజుల్లో షోరూమ్‌ల ముందు స్కూటర్లు, బైకుల కోసం క్యూలు కట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ డిస్కౌంట్ల పండగ వెనక డీలర్ల కంగారు ఉంది. 2020లో బీఎస్-4 గడువు మార్చి 31 కాగా, చివరి వారంలోనే లాక్‌డౌన్ వచ్చి పడింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది: చిన్న కార్లకూ, 350 సీసీ దాకా బైకులకూ 28 నుంచి 18 శాతానికి, పెద్ద కార్లకు 40 శాతానికి. కస్టమర్‌కు అది మంచిదే. కానీ ఆగస్టు 15న ప్రధాని ప్రసంగంలో సూచన రాగానే కొనేవాళ్లు ఆగిపోయారు. జీఎస్టీ పైన అదనంగా వేసే పరిహార సెస్సు రద్దవడంతో, పాత స్టాకు మీద అప్పటికే కట్టిన సెస్సు తాలూకు క్రెడిట్ లెడ్జర్‌లో చిక్కుకుపోయిందని డీలర్లు మొత్తుకున్నారు. నిర్ణయాలు ఢిల్లీలో జరిగాయి, వడ్డీ మాత్రం ఇక్కడ షోరూమ్ ఖాతాలో పడింది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంపెనీయే వెళ్లిపోవడం. 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2020లో హార్లీ డేవిడ్‌సన్ సొంతంగా నడపడం మానేసి తర్వాత హీరో మోటోకార్ప్‌తో చేతులు కలిపింది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ప్రతిసారీ అద్దాల షోరూమ్‌లు, ఆ బ్రాండ్‌కే పనికొచ్చే టూల్స్, బోర్డులు, శిక్షణ తీసుకున్న సిబ్బంది డీలర్ మెడకు చుట్టుకున్నారు. డీలర్లకు రక్షణగా ప్రత్యేక చట్టం కావాలని ఫాడా అప్పటి నుంచీ గట్టిగా అడుగుతోంది. ఆ చట్టం వచ్చేదాకా మిమ్మల్ని కాపాడేది మీరు సంతకం పెట్టే అగ్రిమెంటే. కంపెనీ వెళ్లిపోతే మిగిలిన స్టాకు, స్పేర్లు ఏ ధరకు వెనక్కి తీసుకుంటుంది, షోరూమ్ అలంకరణకు పెట్టించిన ఖర్చులో ఎంత ఇస్తుంది, మీ ఏరియాలో ఇంకో డీలర్‌ను పెట్టే ముందు మిమ్మల్ని అడుగుతుందా లేదా? ఈ మూడూ రాతలో లేకపోతే సంతకం పెట్టకండి. పెద్ద బ్రాండ్లు డ్రాఫ్టులో ఒక్క మాట కూడా మార్చనంటాయి. అలాంటప్పుడు ఆ రిస్కుకు తగ్గట్టు పెట్టుబడి తగ్గించుకోవాలి: పెద్ద షోరూమ్ బదులు చిన్నది, కొన్న జాగా బదులు లీజు.

స్టాకు భారం డీలర్ మీద లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది. మెర్సిడెస్ బెంజ్ ఇండియా 2021 అక్టోబర్ నుంచి కార్లను తన పేరు మీదే ఉంచుకుని, దేశమంతా ఒకే ధరకు తానే బిల్లు చేసి, డీలర్‌కు కమీషన్ ఇస్తోంది. మార్జిన్ తగ్గినా వడ్డీ బాధ, పక్క షోరూమ్‌తో డిస్కౌంట్ పోటీ తగ్గుతాయి. ఈ పద్ధతి మామూలు బ్రాండ్లకు పాకితే డీలర్‌షిప్ మీద నా అభిప్రాయం మార్చుకుంటాను.

మరి ఇన్ని కష్టాలున్నా కొందరు డీలర్లు ఎలా ఎదిగారు? సర్వీస్ వల్ల. ఈ రంగంలో సర్వీస్ అబ్జార్ప్షన్ అనే లెక్క ఒకటుంది. అద్దె, జీతాలు, కరెంటు లాంటి స్థిర ఖర్చుల్లో ఎంత శాతం సర్వీస్, స్పేర్ల లాభంతోనే వస్తోందన్నది ఆ లెక్క. అది నూటికి దగ్గరగా ఉన్న డీలర్‌కు ఆషాఢం వచ్చినా ఏరియా మేనేజర్ వచ్చినా పెద్దగా భయం ఉండదు. కొత్త కార్ల మార్జిన్ కాకుండా ఇన్సూరెన్స్ రెన్యువళ్లు, యాక్సెసరీలు, ఫైనాన్స్ కమీషన్ కలిస్తేనే షోరూమ్ నడుస్తుంది. ఎవరైనా తమ డీలర్‌షిప్ అమ్ముతామంటే నెలకు ఎన్ని కార్లు అమ్ముతున్నారని అడిగే ముందు ఈ శాతం ఎంతో అడగండి. చెప్పలేకపోయారంటే లెక్క చూసుకోవడం లేదన్నమాట, అది కూడా మీకు ఒక సమాధానమే.

ఎలక్ట్రిక్ స్కూటర్ల డీలర్‌షిప్ సంగతి కొంచెం వేరు. పెట్టుబడి తక్కువ, షోరూమ్ చిన్నది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో జీవో 41తో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. గడువు 2026 డిసెంబర్ 31. కేంద్రం సబ్సిడీ మాత్రం మెట్లు దిగుతూ వచ్చింది: 2023 జూన్ 1న ఫేమ్-2లో కిలోవాట్ అవర్‌కు 15,000 ఉన్నది 10,000 అయింది, 2024 అక్టోబర్ నుంచి పీఎం ఈ-డ్రైవ్‌లో 5,000, రెండో ఏడాది 2,500. దేశీయ విడిభాగాల నిబంధన పాటించలేదంటూ 2023లో కేంద్రం ఏడు కంపెనీలను సబ్సిడీ వెనక్కి కట్టమంది. కంపెనీ నీరసపడితే బ్యాటరీ పట్టుకుని కస్టమర్ వచ్చేది మన కౌంటర్‌కే. అందుకే సబ్సిడీ, పన్ను మినహాయింపు రెండూ తీసేసి మీ స్కూటర్ ధర ఎంతవుతుందో లెక్కేయండి. ఆ ధరకు కూడా నడుస్తుందనిపిస్తేనే ముందుకెళ్లండి, అదీ ఎప్పటినుంచో పెట్రోల్ బైకులు అమ్ముతున్న కంపెనీల ఎలక్ట్రిక్ మోడళ్లతోనైతే మేలు. వాళ్లకు స్పేర్ల నెట్‌వర్క్ ముందే ఉంది.

గ్యారేజ్: లేబర్ మొత్తం మనదే, తలనొప్పీ మనదే

వారంటీ అయిపోయిన కారు ఓనర్‌కు కంపెనీ సర్వీస్ సెంటర్ బిల్లు బరువనిపిస్తుంది. అక్కడి నుంచి బయటికొచ్చే ఆ కార్లే మనకు ఆధారం. మియాపూర్ నుంచి నార్సింగి దాకా, ఉప్పల్ నుంచి వనస్థలిపురం దాకా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఐదు నుంచి పదేళ్ల వయసున్న కార్లు ఎన్ని ఉన్నాయో ఒక ఆదివారం పొద్దున తిరిగి చూస్తే తెలుస్తుంది. మార్కెట్ సర్వేకి డబ్బు పెట్టక్కర్లేదు. మీరు పెట్టబోయే చోటు నుంచి మూడు కిలోమీటర్ల లోపు అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్‌తో, కార్లు కడిగే కుర్రాళ్లతో మాట్లాడితే చాలు. ఏ కార్లు ఎక్కువున్నాయి, ఎవరు ఎక్కడ సర్వీస్ చేయిస్తున్నారు, ఎవరి మీద కోపంగా ఉన్నారు, అన్నీ వాళ్లకు తెలుసు.

ఒకప్పుడు బయటి గ్యారేజీలకు ఒరిజినల్ స్పేర్లు, స్కానర్లు దొరకడమే కష్టంగా ఉండేది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది సరిగ్గా ఈ విషయంలోనే: స్పేర్లు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని. దాని మీద అప్పీళ్లు నడిచాయి కానీ ఆ తర్వాత గాలి మారింది. ఇవాళ రాణిగంజ్‌లోనూ పుత్లీబౌలిలోనూ తిరిగితే సాధారణ మోడళ్లకు కంపెనీ డబ్బాలో స్పేరూ దొరుకుతుంది, ఆ కంపెనీకి సప్లై చేసేవాళ్ల సొంత బ్రాండ్ స్పేరూ దొరుకుతుంది. నకిలీ డబ్బాలూ దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురు డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే బిల్లు మీద కొంటూ, రిటర్న్ ఒప్పుకునేలా మాట్లాడుకోవాలి. జీఎస్టీ మారాక విడిభాగాలన్నిటికీ 18 శాతమే కాబట్టి, లేబర్‌కు ఒకటి స్పేర్‌కు ఒకటి అన్న బిల్లింగ్ గందరగోళం కూడా పోయింది.

గ్యారేజ్ నడపడంలో అసలు కష్టం మనుషులు. బిల్లు కస్టమర్‌కు మన పేరుతో వెళుతుంది కానీ, ఆ కస్టమర్ నమ్మేది లోపల పనిచేసే ఉస్తాద్‌ను. ఇంజిన్ చప్పుడు వినగానే జబ్బు చెప్పేసే ఉస్తాద్ రెండేళ్లు పనిచేసి, నంబర్లన్నీ ఫోన్‌లో వేసుకుని, రెండు వీధుల అవతల సొంత షెడ్డు వేసుకుంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు, మీరైనా అదే చేస్తారు. జీతం మీద మాత్రమే ఉంచకుండా నెల లేబర్ ఆదాయంలో వాటా ఇవ్వండి. నిలబడిన గ్యారేజీలన్నిట్లోనూ ఏదో ఒక రూపంలో ఈ వాటా కనిపించింది నాకు. రెండోది, కస్టమర్ చరిత్ర ఉస్తాద్ బుర్రలో కాకుండా జాబ్ కార్డులో ఉండాలి. ఏ కిలోమీటరు దగ్గర ఏం మార్చాం, ఏ బ్రాండ్ వేశాం, ఏం వాయిదా వేశాం, అన్నీ. మూడోది, మల్లేపల్లి ఐటీఐ లాంటి చోట్ల నుంచి కుర్రాళ్లను తీసుకుని మీ పద్ధతిలో తయారు చేసుకోవడం. ఇది నెమ్మదిగా జరిగే పని, అందుకే చాలామంది చేయరు.

ఒక జాబ్ కార్డు ఎలా ఉండాలో చెబుతాను. కస్టమర్ "బ్రేక్ వేస్తే చప్పుడొస్తోంది" అన్నాడు. మామూలు గ్యారేజ్‌లో "ప్యాడ్లు పోయాయి సార్, మారుద్దాం" అంటారు, సాయంత్రం బిల్లు చూసి కస్టమర్ మొహం మారుతుంది. పద్ధతి తెలిసిన చోట చక్రం ఊడదీసి, ప్యాడ్ మందం స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపుతారు. ముందువి 3 మిల్లీమీటర్లు మిగిలాయి, ఇప్పుడే మార్చాలి. వెనకవి ఇంకో సర్వీస్ దాకా వస్తాయి. ఒరిజినల్ ఇంత, సప్లయర్ బ్రాండ్ ఇంత, లేబర్ ఇంత. కస్టమర్ "సరే" అని రాశాకే చెయ్యి పెడతారు. తీసేసిన పాత ప్యాడ్లు కవర్లో చుట్టి డిక్కీలో పెడతారు. ఈ నాలుగు పనులకూ కలిపి పావుగంట పడుతుందేమో. ఆ కస్టమర్ తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ నంబరు పెడతాడు. ఈ ఊళ్లో గ్యారేజీలకు అంతకు మించిన ప్రకటన లేదు.

గ్యారేజీలు మునిగేది ఎక్కువగా రెండు కారణాలతో. ఒకటి ఉద్దెర. ఐటీ కంపెనీలకు క్యాబులు తిప్పే ట్రావెల్స్ వాళ్లు నెలకు ముప్పై నలభై కార్లు పంపుతామంటారు. వర్క్‌షాప్ నిండుతుంది, మనసూ నిండుతుంది. డబ్బు రెండు మూడు నెలలకు వస్తుంది, మనం స్పేర్లవాడికి పదిహేను రోజుల్లో కట్టాలి. మొత్తం పనిలో ఇలాంటి ట్రావెల్స్ బండ్ల వాటా మూడో వంతు దాటనివ్వకండి. రెండోది, మళ్లీ వచ్చే బండ్లు. చేసిన పనికే అదే కంప్లయింట్‌తో వారంలో తిరిగొచ్చిన ప్రతి కారునూ ఒక రిజిస్టర్‌లో రాయండి. ఎవరు చేశారు, ఎందుకు వచ్చింది, ఏ స్పేర్ వేశారు. నెలాఖరున ఆ ఒక్క పేజీ చూస్తే ఎవరికి శిక్షణ కావాలో, ఏ బ్రాండ్ ఆపేయాలో తేలిపోతుంది.

చెయిన్ బోర్డు తీసుకోవాలా అని కొందరు అడుగుతారు. యాప్ ద్వారా కార్లు పంపిస్తాం, మీరు పని చేయండి అనే మోడల్ అది. మొదటి ఏడాది వర్క్‌షాప్ నింపడానికి పనికొస్తుంది. కానీ ధర వాళ్లు చెబుతారు, కస్టమర్ వాళ్ల మనిషి, డబ్బు కూడా చాలాసార్లు వాళ్ల ద్వారానే వస్తుంది. 2023 జనవరిలో ఇలాంటి చెయినే అయిన గోమెకానిక్ వ్యవస్థాపకుల్లో ఒకరు ఖాతాల విషయంలో తప్పులు జరిగాయని బహిరంగంగా ఒప్పుకున్నారు, సిబ్బందిలో దాదాపు 70 శాతం మందిని తొలగించారు, తర్వాత కంపెనీ చేతులు మారింది. అలాంటి రోజున రావాల్సిన డబ్బు ఆగితే చిన్న గ్యారేజ్ రెండు నెలలు కూడా నిలవదు. చెయిన్ పని సగానికి మించకుండా చూసుకోండి, గేటు మీద మీ పేరు కూడా పెద్దగా రాయించుకోండి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే గ్యారేజ్ గతేమిటన్నది న్యాయమైన భయమే. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ పని పోతుంది. టైర్లు, సస్పెన్షన్, ఏసీ, బ్రేకులు, టింకరింగ్, పెయింటింగ్ పోవు. నేటి పెట్రోల్, డీజిల్ కార్లు ఇంకో పదేళ్లకు పైగా రోడ్డు మీద ఉంటాయి కాబట్టి తొందర లేదు. కానీ ఇప్పుడు లిఫ్ట్, అలైన్‌మెంట్ మెషీన్, పెయింట్ బూత్ మీద పెట్టే డబ్బుకు అప్పుడూ పని ఉంటుంది. ఇంజిన్ రీబోరింగ్ సామాన్ల మీద పెట్టేదానికి ఉండదు. వాషింగ్, పెయింటింగ్ పెడితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, మీ ఏరియా మునిసిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ మొదటి నెలలోనే తెచ్చుకోండి. వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అమ్మండి, డ్రైనేజీలో పోయకండి. అది చివరికి మన మూసీలోనే కలుస్తుంది.

పాత కార్లు: కొన్నప్పుడే లాభం తేలుతుంది

ఇందులో పెట్టుబడి వేగంగా తిరుగుతుంది, ధర మన చేతిలోనే ఉంటుంది. అయినా దీన్ని మొదటి వ్యాపారంగా పెట్టుకోమని చెప్పను. కారును చదవడం రాకపోతే మొదటి ఆరు నెలల్లోనే మూలధనం కరుగుతుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలనే ముంచింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరదకు విజయవాడలో, మున్నేరుకు ఖమ్మంలో వేల బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. అలాంటి కార్లు శుభ్రంగా పాలిష్ పట్టించుకుని మార్కెట్‌కు వస్తాయి. చూసే పద్ధతి ఇది: ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ అంత లాగరు కాబట్టి కడిగేవాడు కూడా అక్కడిదాకా వెళ్లడు. చివరి అడుగులో మట్టి గీత ఉంటే అక్కడితో బేరం ఆపేయండి. లేదంటే స్టెప్నీ తీసి దాని కింద గుంతలో తుప్పు, ఒండ్రు చూడండి. సీటు రైళ్ల బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్, వైరింగ్ కనెక్టర్ల మీద పచ్చటి పొడి. కార్పెట్ కింద చెయ్యి పెట్టి వాసన చూడండి. సెంటు కొట్టిన కారులో ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోండి. ఇవన్నీ చూడటానికి లిఫ్ట్, స్కానర్, ఒక మంచి ఉస్తాద్ ఉంటే పది రెట్లు తేలిక. గ్యారేజ్ ముందు, పాత కార్లు తర్వాత అని నేనంటున్నది అందుకే.

కాగితాల విషయం ఇంకా జాగ్రత్త. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షల వల్ల అక్కడి మంచి ఎస్‌యూవీలు చవగ్గా ఇక్కడికి వస్తాయి. ఎన్‌వోసీ తెచ్చి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, టీజీ నంబరు వచ్చేసరికి ఆ చవక చాలావరకు హరించుకుపోతుంది. ఏపీ నంబరు కార్లకూ ఇదే లెక్క. ధర అడిగే ముందు లోన్ క్లియర్ అయిందా, లోన్ తీరిందని ఫైనాన్స్ కంపెనీ సంతకం పెట్టిన ఫారం 35 ఉందా, చలాన్లు ఎన్ని, ఇన్సూరెన్స్ క్లెయిములు ఎన్ని అని చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్ రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, కారు తన చేతికి వచ్చిన సంగతి ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. చాలామంది ఇప్పటికీ దీన్ని పట్టించుకోకుండా, ఓనర్ సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో బండ్లు తిప్పుతున్నారు. ఆ మధ్యలో బండి యాక్సిడెంట్ చేసిందంటే పోలీసులు మొదట పాత ఓనర్ తలుపు, ఆ తర్వాత మీ తలుపు తడతారు.

పన్ను తేలికే. 2025 జనవరి నుంచి చిన్న, పెద్ద, ఎలక్ట్రిక్ తేడా లేకుండా రిజిస్టర్డ్ డీలర్ తన మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. 4 లక్షలకు కొని 4 లక్షల 60 వేలకు అమ్మితే ఆ 60,000 మీద 10,800. నష్టానికి అమ్మితే పన్ను లేదు. అంటే రిపేర్లు, పాలిష్, వడ్డీ, కమీషన్ అన్నీ మిగిలిన 49,200లోంచే రావాలి. ఏ కారునూ 45 రోజులకు మించి ఉంచుకోవద్దనే నియమం పెట్టుకోండి. గడువు దాటితే వచ్చిన ధరకు వదిలేయండి. 2025లో కొత్త చిన్న కార్ల ధరలు ఒక్కసారిగా తగ్గినప్పుడు, "ఇంకో పదివేలు వస్తాయి" అని ఆగినవాళ్ల స్టాకు విలువ రాత్రికి రాత్రి పడిపోయింది.

పాత కార్లు అమ్మే పెద్ద ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాలతో ధరలో పోటీ పడటం దండగ. వాళ్ల దగ్గర ఇన్వెస్టర్ల డబ్బు ఉంది. అలా ఉన్నా ఓలా తన ఓలా కార్స్‌ను మొదలుపెట్టిన ఏడాదిలోపే 2022లో మూసేసింది. మన బలం వేరు. మన గ్యారేజ్‌లో మూడేళ్లుగా సర్వీస్ చేసిన కారును, ఆ జాబ్ కార్డులన్నీ చూపించి, మన దగ్గరికే వచ్చే ఇంకో కస్టమర్‌కు అమ్మడం. అలా అమ్మే కారుకు ధర కూడా ఎక్కువే వస్తుంది, తిరిగొచ్చే గొడవ కూడా తక్కువ.

మీ పరిస్థితిని బట్టి

మెయిన్ రోడ్డు మీద సొంత జాగా ఉండి, అప్పు లేకుండా రెండు చెడ్డ సంవత్సరాలు తట్టుకోగలిగి, ఇంట్లో ఇంకొకరు పూర్తిగా వ్యాపారం మీద కూర్చోగలిగితే డీలర్‌షిప్ ఆలోచించండి. అప్పుడు కూడా నగరం నడిబొడ్డున నాలుగో డీలర్‌గా చేరేకంటే, సంగారెడ్డి, షాద్‌నగర్ లాంటి చోట ఒక్క డీలర్‌గా ఉండటం మేలు. సంతకానికి ముందు ఆ బ్రాండ్ వదిలేసిన పాత డీలర్‌ను వెతికి పట్టుకుని మాట్లాడండి. కంపెనీ మిమ్మల్ని తీసుకెళ్లి చూపించే డీలర్ ఎప్పుడూ సంతోషంగానే ఉంటాడు.

ఇల్లు తాకట్టు పెట్టి దిగాలనుకునేవాళ్లకు డీలర్‌షిప్ వద్దే వద్దు. పెట్టుబడి 20 లక్షల లోపైతే రెండు బేల (కారు నిలబెట్టి పనిచేసే చోట్లు) చిన్న గ్యారేజ్, ముద్రా రుణం. ఆ రుణం 10 లక్షల దాకా దొరుకుతుంది, ముద్రాలోనే తరుణ్ అనే విభాగం కింద రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా. కోటి పైన ఉంటే ఆరు బేలు, పెయింట్ బూత్, ఒక మంచి సర్వీస్ అడ్వైజర్. ఉద్యోగం చేస్తూ పక్కన నడిపిద్దామనుకునేవాళ్లు మాత్రం ఈ మూడింట్లో ఏదీ మొదలుపెట్టకండి. రోజూ పొద్దున కార్లు దిగేటప్పుడూ సాయంత్రం తాళాలు ఇచ్చేటప్పుడూ ఓనర్ కళ్ల ముందు లేని గ్యారేజ్ ఏదీ నా లెక్కల్లో లాభం చూపించలేదు.

గ్యారేజ్‌కే మొగ్గితే లీజు దగ్గర తొందరపడకండి. 11 నెలల అగ్రిమెంట్ మీద లిఫ్టులు బిగించొద్దు, కనీసం ఐదేళ్లకు రాయించి రిజిస్టర్ చేయించండి. అద్దె పెంపు ఏడాదికి ఎంత శాతమో, షెడ్డు ఎవరిదో, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల గడువో అందులోనే ఉండాలి. ఆ రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో వెడల్పు కాబోతోందేమో హెచ్‌ఎండీఏలో విచారించండి. వానాకాలంలో ఒక పెద్ద వాన పడ్డాక ఆ స్థలానికి వెళ్లి నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.